మంగతాయారు గారింట్లో షూటింగు

రియాలిటీ షో అంటే ఏమిటని మా నాన్నగారు ఒకసారి నన్ను నిలదీశారు. ఆయన పేరు సుందరరామయ్య. ఏలూరులో కాలేజీ పిల్లలకు సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. దేనికైనా లక్షణం చెప్పకపోతే ఆయనకు తిన్నది అరగదు. "నాటకానికి లక్షణం ఉంది, ప్రహసనానికి ఉంది. మరి నువ్వు చేసేదానికేదిరా?" అన్నారు. నేను కాస్త ఆలోచించి చెప్పాను. "నటులు కాని మామూలు మనుషుల్ని ఒక సందర్భంలో పెట్టి, ముందుగా రాసిన మాటలు ఇవ్వకుండా, ఏం జరిగితే అది చూపించడం నాన్నగారూ." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సందర్భం ఎవరు పెడతారు?" "మేమే." "జరిగినదాంట్లో ఏది చూపించాలో ఎవరు తేలుస్తారు?" "అదీ మేమే." "అయితే ఆ మనుషులకు మిగిలిందేమిట్రా భరద్వాజ్?" అని పేపరులో తల దూర్చేశారు.

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళుగా తిండీ నిద్రా చూసుకోకుండా చేస్తున్న పనిని మూడు ప్రశ్నలతో తేల్చేస్తే ఎవరికి మాత్రం మండదు? మండినా, జవాబు మాత్రం నా దగ్గర లేదు. అది తర్వాత ఉండి అనే ఊరి దగ్గర ఒక రైతు ఇంట్లో, మంగతాయారు గారి చేతి అన్నం తిన్న రోజున దొరికింది. ఆవిడ గురించి చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను.

ముందు మా షోల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆవిడ చేసిన పని ఎంతటిదో తెలియదు. నేను ఈ పనిలో చేరిన కొత్తలో పాటల పోటీ అంటే పాటే. వెనక ఒక రంగు పరదా, ముందు ఒక మైకు. తలకు నూనె రాసుకుని రెండు జడలు వేసుకున్న పిల్ల వచ్చి పేరు చెప్పేది, ఊరు తాడేపల్లిగూడెం అని చెప్పేది, పాడేది, మార్కులు తీసుకుని దిగిపోయేది. వాళ్ళ నాన్న ఏం చేస్తాడో మేం అడగలేదు, చూసేవాళ్ళూ అడగలేదు. తర్వాత యాంకరమ్మలు ఇళ్ళకు వెళ్ళి వంటింట్లో ఆటలాడించి పట్టుచీరలు పంచడం వచ్చింది. ఆ వెనకే జడ్జీలు కొట్టుకోవడం, అలగడం, మైకు విసిరేసి వెళ్ళిపోవడం, బ్రేకు తర్వాత తిరిగి రావడం వచ్చాయి. ఆపైన కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి తాళం వేసి, గోడ గోడకీ కెమెరా బిగించి, వాళ్ళు ఎప్పుడు తిట్టుకుంటారా అని కాపు కాయడం. ఆ మధ్యలోనే ఓట్లు ప్రేక్షకుల ఫోనుల్లోకి వెళ్ళాయి. ఓటు పడాలంటే జాలి పుట్టాలని మావాళ్ళు కనిపెట్టారు. అప్పుడు పుట్టింది ఏవీ.

ఏవీ అంటే పాటకు ముందు వేసే చిన్న చిత్రం. పాడే పిల్ల ఇల్లు, ఇంట్లో కష్టం, అమ్మ కన్నీళ్ళు, వెనక ఫ్లూటు. అదయ్యాక లైట్లు వెలుగుతాయి, పిల్ల పాడుతుంది, జడ్జీలు కర్చీఫులు తీస్తారు. మొదట్లో పాట దొరికాక దానికి కథ వెతికేవాళ్ళం. ఇప్పుడు కథ దొరికాక ఆ మనిషికి పాట వచ్చో రాదో చూస్తున్నాం. ఇంటింటా ఫోనులో ఎవరి వీడియోలు వాళ్ళే తీసుకుంటున్న ఈ రోజుల్లో, ఏడుపు కూడా మామూలుగా ఉంటే చాలదు. నా ఉద్యోగం ఏవీలు తీయడం.

ఏలూరులో ఆడిషన్లు పెట్టినప్పుడు లక్ష్మీప్రసన్న అనే డిగ్రీ పిల్ల వచ్చింది. పక్కన వాళ్ళమ్మ. పిల్ల గొంతు విన్నాక చాలాకాలం తర్వాత నేను చేతిలో ఫోను పక్కన పెట్టాను. స్టేజీ రౌండుకు పద్నాలుగు మందిని తీసుకుంటారు, మొదటి సాయంత్రమే నలుగుర్ని ఇంటికి పంపిస్తారు. హైదరాబాదులో మా హెడ్ వీడియో చూసి, "పాట బాగుంది. కథేది?" అన్నాడు. "రైతు కుటుంబం సార్. మొన్నటి వానలకి కొల్లేరు ఎగదన్ని చేను మునిగింది." ఆయన గొంతు వెలిగిపోయింది. "అద్భుతం! ఖాళీ గిన్నెలు, మునిగిన చేను, అమ్మ ఏడుపు. అది లేకపోతే ఈ పిల్ల మొదటి రోజే ఇంటికి పోతుంది, చూసుకో."

మంగతాయారు గారికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్ల నిలబడాలంటే ఇల్లు కొంచెం కష్టంలో ఉన్నట్టు కనిపించాలన్నాను. ఆవిడ, "ఆయ్, అలాగేనండి. పిల్ల కోసం ఏం చెయ్యమంటే అది చేస్తామండి" అన్నారు.

ఆ మాట ఊరికే అనలేదు. ఆవిడ పుట్టింది ఆకివీడు దగ్గర, చదువు పదో తరగతి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి భర్త గంగరాజు గారితో పాటు చేలో, ఇంట్లో చాకిరీయే. కూతురికి సంగీతం చెప్పించడానికి ఆదివారం వస్తే చాలు, రెండు బస్సులు మారి తాడేపల్లిగూడెం తీసుకువెళ్ళేవారు. పిల్ల లోపల పాఠం చెప్పించుకుంటుంటే, మాస్టారి వీధి అరుగు మీద కూర్చుని ఆ ఇంటివాళ్ళ ఆకుకూర బాగుచేసి పెట్టేవారు. ఖాళీగా కూర్చోవడం ఆవిడకు చేతకాదు. వర్షమైనా ఎండైనా ఆ ప్రయాణం మానలేదు. టీవీలో పాడాలన్న కోరిక పిల్లది. ఆ కోరిక తీరకపోతే పిల్ల ఏమైపోతుందోనన్న బెంగ తల్లిది.

"ఇంకో మాట అమ్మా. మాకోసం వంటలేమీ పెట్టుకోకండి. మేం ఆరుగురం, బయట తినేసి వస్తాం" అన్నాను.

"అలాగేనండి. మీరెవరి అబ్బాయి బాబూ?"

చెప్పాను. మా తాతగారిది అర్చకత్వమనీ, నాన్నగారు మాస్టారనీ. ఎందుకు అడిగారో అప్పుడు తట్టలేదు.

వ్యాను వెళ్ళి ఆగేసరికి ఇల్లు మేం చెప్పినట్టే తయారై ఉంది. ఫ్రిజ్ మీద పాత దుప్పటి కప్పారు. టీవీ ఉన్నచోట గోడకు తెల్లటి చదరం మిగిలింది. మంగతాయారు గారు మెళ్ళో గొలుసు తీసేసి పసుపుతాడు ఒక్కటే ఉంచుకుని, వెలిసిపోయిన నేతచీర కట్టుకున్నారు. గుమ్మంలోనే, "టిఫిన్లు చేశారా అండీ?" అన్నారు.

"చేశామమ్మా" అన్నాను. మా కెమెరామన్ యేసుదాసుది నెల్లూరు వైపు, గోదావరి జిల్లాల మర్యాదల సంగతి తెలియదు. "ఎక్కడమ్మా, టీ మాత్రం తాగాం" అనేశాడు. అంతే. వెనక వసారాలో పెనం ఎక్కింది. పెసరట్లు, అల్లం పచ్చడి, అవయ్యాక కాఫీ. ఫోకస్ పెట్టాల్సినవాడు వేళ్ళు నాకుతూ కూర్చున్నాడు.

ముందు చేను తీద్దామని గంగరాజు గారిని తీసుకువెళ్ళాం. గట్టు మీద కూర్చుని తల మీద చెయ్యి పెట్టుకుని నీళ్ళకేసి చూడమన్నాను. ఆయన నెమ్మదస్తుడు. చేతులు నలుపుకుంటూ, "తల మీద చెయ్యి పెట్టుకోకూడదండి, ఇంటికి అరిష్టం" అన్నారు. పోనీ ఊరికే నిలబడండి అన్నాను. నిలబడ్డారు. యేసుదాసు కెమెరా సర్దుకుని చూసేసరికి ఫ్రేములో మనిషి లేడు. చేనుకు నీళ్ళు పారే బోదెలో దిగి గుర్రపుడెక్క పీకి గట్టు మీద వేస్తున్నారు. "నీళ్ళకి అడ్డం పడుతోందండి. చూస్తా చూస్తా ఎలా నిలబడతానండీ? కిందటి వారమే మళ్ళీ నాటుకున్నాం" అన్నారు. దిగులుగా ఉన్న రైతు కావాలని వెళితే, పని ఉన్న రైతు దొరికాడు.

ఇంటికి వచ్చి వంటింటి షాటు పెట్టాం. మంగతాయారు గారు బియ్యం డబ్బా మూత తీసి, లోపలికి చూసి, "ఇంట్లో బియ్యం లేవు" అనాలి. అంతే, మూడు మాటలు. ఆవిడ మూత తీశారు, చూశారు, మూత పెట్టేశారు. "ఏవనుకోకండి బాబూ, ఆ మాట మా ఇంట్లో అనమండి. మా అత్తగారు పోయేదాకా ఆవిడ నోట కూడా రాలేదు." సరే, అనకండి, ఊరికే చూడండి చాలన్నాను. మళ్ళీ తీశాం. ఈసారి యేసుదాసు తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న వెంటిలేటరులోంచి పొగ వస్తోంది. వెనక వసారాలో కట్టెల పొయ్యిల మీద అన్నం, పులుసు ఉడుకుతున్నాయి. ఆవిడ తెల్లవారకముందే మొదలుపెట్టారట.

"అమ్మా, వద్దన్నాను కదా!"

"ఆరుగురు మనుషులండీ. ఎండన పడి వచ్చారు. ఇంటికొచ్చినవాళ్ళని పస్తు ఎలా పంపుతాం?"

నేను ఇంకా ఏదో అనేలోపు పక్కింటి పెర్సిస్ టీచరు రొయ్యల వేపుడు గిన్నెతో లోపలికి వచ్చారు. కెమెరా నడుస్తోందని ఆవిడకు తెలియదు. "మంగా, మీ టీవీ మా మంచం కింద భద్రంగా పెట్టాను, బెంగపడకు. ఇదిగో, షూటింగువాళ్ళకి రొయ్యలు" అన్నారు. ఆ వీధిలో ఒకరింటికి వచ్చిన చుట్టాలు అందరికీ చుట్టాలేనట. ఆ వెనకే ఎదురింట్లోంచి గడ్డపెరుగు, ఇంకో ఇంటి నుంచి సున్నుండలు వచ్చాయి. కరువు తీద్దామని వచ్చిన ఇంట్లో చాప మీద గిన్నె పెట్టడానికి చోటు లేకుండా పోయింది. నేను నవ్వాలో నెత్తి బాదుకోవాలో తెలియక నిలబడ్డాను. నెత్తి బాదుకోవడం కూడా ఆ ఇంట్లో కుదరదేమో.

అరిటాకులు వేశారు. మావాళ్ళకు కొరమేను పులుసు, రొయ్యలు. నాకు ఒక్కడికి వేరే ఆకు, వేరే గిన్నెలు. "ఇవి కొత్త గిన్నెలు బాబూ, వేరే పొయ్యి మీద వండాను. నీచు తగల్లేదు, నిశ్చింతగా తినండి" అన్నారు. ముద్దపప్పు, కంద బచ్చలి కూర, గుమ్మడికాయ పులుసు. మీరెవరి అబ్బాయని ఫోనులో అడిగినది ఇందుకు. షూటింగుల్లో ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను. నేను ఏం తింటానో ఏం తిననో అడిగి, నాకోసం పొయ్యి వేరుగా వెలిగించిన మనిషి ఇంకొకరు లేరు.  నా మొహం ఆవిడకు కనిపించకూడదని తల వంచుకుని తిన్నాను.

అప్పుడే లోపలి గదిలోంచి లక్ష్మీప్రసన్న వచ్చింది. పొద్దుటి నుంచీ పాట సాధన చేసుకుంటూ ఉంది పాపం. వసారాలో వరుసగా ఆకులు, గిన్నెలు, వీధిలో జనం చూసేసరికి దాని మొహం ఎర్రబడింది.

"ఒక్క పూట అన్నం పెట్టకుండా ఉండలేవా అమ్మా? ఒక్క పూట! వాళ్ళకేం కావాలో చెప్పారు కదా. ఇంక నన్ను ఎవరు పాడనిస్తారు? ఇన్నేళ్ళు తిప్పి, నువ్వే చెడగొట్టావు!"

మంగతాయారు గారి చేతిలో నెయ్యి గిన్నె అలాగే ఉండిపోయింది. గోడకు ఆనుకుని చతికిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. చప్పుడు లేని ఏడుపు. పక్కన తింటున్న యేసుదాసు చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో కెమెరా లాక్కున్నాడు. అది వాడి అలవాటు, తప్పు పట్టను. ఏడుపు మొత్తం వచ్చింది. ఏ నటీ చెయ్యలేని ఏడుపు. వెనక ఫ్లూటు వేసి, "ఆకలి ముందు ఓడిన అమ్మ" అని రెండు మాటలు చదివిస్తే చాలు, హెడ్ కోరిన ఏవీ తయారు.

గంగరాజు గారు ఆకు ముందు నుంచి లేవబోయి, మళ్ళీ కూర్చున్నారు.  "తినండి బాబూ, చల్లారిపోతాది" అని మాకు చెప్పారు.

సామాను సర్దుకుని వ్యాను ఎక్కుతుంటే మంగతాయారు గారు దగ్గరకు వచ్చారు. "నేను ఏడ్చింది తీసేరా అండీ?" తీశామన్నాను. "అది పనికొస్తదా?" వస్తుందన్నాను. "అయితే వాడుకోండి. పిల్ల పాడితే చాలు" అన్నారు. ఆ మాట అంటుంటే ఆవిడ మొహంలో పెద్ద బరువు దిగినట్టు కనిపించింది. నేనూ తేలిగ్గానే వ్యాను ఎక్కాను.

వ్యాను ఏలూరు చేరబోతుండగా ఫోను వచ్చింది. ఆవిడే.

"బాబూ, పొరపాటు మాట చెప్పేను. నా ఏడుపు మీరు ఎలాగైనా వాడుకోండి, నాకు సిగ్గు లేదు. కానీ తిండి లేక ఏడ్చిందని మాత్రం అనకండి. ఆయన మళ్ళీ మళ్ళీ నాటి పండిస్తున్నారండి. ఊరందరూ టీవీలో అది చూస్తే ఆయన గట్టు మీదకెళ్ళి ఎలా నిలబడతారు?"

"అలా అనకపోతే దానికి విలువ లేదమ్మా. ఏవీ లేకపోతే పాపకి కష్టం. మొదటి రోజే పంపేస్తారు."

అటువైపు ఫోను చేతులు మారింది. తర్వాత లక్ష్మీప్రసన్న గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "ఏవండీ, అది వద్దండి. అమ్మని నేనే ఏడిపించేను, ఆకలి కాదు. ఏవీ లేకుండా పాడనిస్తే పాడతాను. పంపేస్తే వచ్చేస్తానండి."

నేను యేసుదాసు వైపు చూశాను. ఫోను స్పీకరులోనే ఉంది, వాడు అంతా విన్నాడు. వాడే కెమెరా ఒళ్ళోకి తీసుకుని ఆ ముక్క చెరిపేశాడు. హైదరాబాదు వెళ్ళి, ఏడుపు దొరకలేదని హెడ్‌కి చెప్పాను. చేత్తో పట్టుకున్న ఏడుపును వదిలేసి, దొరకలేదని చెప్పడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆయన నన్ను చెడామడా తిట్టి, పిల్లని అందరికంటే ముందు పాడించమన్నాడు. ముందు పాడినవాళ్ళని చివరికి ఎవరూ గుర్తుపెట్టుకోరు.

స్టేజీ రోజున లక్ష్మీప్రసన్న వచ్చి నిలబడింది. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, పాడింది. నేను ఈ పనిలో చేరిన కొత్తలో పిల్లలు అలాగే పాడేవాళ్ళు. తల్లీ తండ్రీ మూడో వరుసలో కూర్చున్నారు. పాట అయ్యాక ఒక జడ్జి అలవాటు కొద్దీ అడిగాడు. "నీ వెనక చాలా కష్టం ఉండే ఉంటుంది కదమ్మా, చెప్పు."

పిల్ల మైకు రెండు చేతులతో పట్టుకుంది. "ఉందండి. చేలోకి నీళ్ళొచ్చేయి, పంట పోయింది, మా నాన్న మళ్ళీ నాటేరు. కానీ మా ఇంట్లో తిండికి లోటు లేదండి. మా ఇంటికి వచ్చినవాళ్ళని మా అమ్మ ఎవరినీ ఊరికే పంపదు. షూటింగు రోజున నేనే అమ్మ మీద అరిచేను. కావాలంటే ఈ కెమెరాల వెనకాల ఉన్నవాళ్ళని అడగండి, మా అమ్మ చేతి అన్నం తిన్నారు."

చప్పట్ల సంగతి కూడా చెప్పాలి. మా ఫ్లోరు మీద చప్పట్లు వాటంతట అవి రావు. ఫ్లోరు మేనేజరు చెయ్యి ఎత్తితే జనం కొడతారు, దించితే ఆపుతారు. టెక్నీషియన్లు అసలు కొట్టరు, వాళ్ళకు అది పని చేసే చోటు. ఆ మేనేజరు ఈ జవాబుకి ఏం చెయ్యాలో తోచక చెయ్యి ఎత్తకుండా చూస్తున్నాడు. చీకట్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. యేసుదాసు. వాడి పక్కన లైటు పట్టుకున్నవాడు, ఆ వెనక సౌండు చూసేవాడు, నాతో సహా ఆ రోజు ఆకు ముందు కూర్చున్న ఆరుగురమూ కొట్టాం. ఆపైన జనం అందుకున్నారు. మంగతాయారు గారు మూడో వరుసలో లేచి నిలబడి, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక చీకట్లోకి చేతులు జోడించారు.

ఆ సాయంత్రం పంపేసిన నలుగురిలో లక్ష్మీప్రసన్న లేదు. ఇంకొన్ని వారాలు పాడి, తర్వాత ఇంటికి వెళ్ళింది. మంగతాయారు గారూ, మీకు ఎదురుగా చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను. మేం ఎంత సందర్భం పెట్టినా, ఎంత కత్తిరించినా, మనుషుల దగ్గర మేం ముట్టుకోలేనిది ఒకటి మిగిలే ఉంటుందని మీ వల్లే తెలిసింది. మీ ఋణం నేను తీర్చుకోలేను.

ఎడిటింగు రూములో హెడ్ ఆ భాగం చూస్తూ ఆపించాడు. జోడించిన చేతులు పెద్దగా కనిపిస్తున్న షాటులో బొమ్మ కుదిపేసినట్టు ఊగుతోంది.

"ఇక్కడ కెమెరా ఎందుకు కదిలింది?"

"యేసుదాసు కెమెరా మీంచి చేతులు తీసేశాడు సార్. చప్పట్లు కొట్టాడు."

"ఎవరు కొట్టమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

ఆయన ఆ ముక్క ఇంకోసారి వేయించి చూశాడు. తర్వాత ఆ షాటు అలాగే ఉంచెయ్యమన్నాడు.